లేదనడం చేతకాక

మోండా మార్కెట్‌లో మాది స్టీలు సామాన్ల కొట్టు. ఆ కొట్లో ‘లేదు’ అనే మాటను మా నాన్న నిషేధించాడు. పాలక్యాన్ అడిగితే మా దగ్గర పాలక్యాన్ ఉండకపోవచ్చు, కానీ లేదనకూడదు. ‘ఇప్పుడే అయిపోయిందండీ, రేపొస్తుంది’ అనాలి. మరీ తొందరపడే మనిషైతే ‘ఆ చివరి సందులో దొరుకుతుంది, నా పేరు చెప్పండి’ అని పంపించాలి. తెనాలి వైపు నుంచి వచ్చి సికింద్రాబాద్‌లో గిన్నెలమ్మి బతికిన మనిషి ఆయన. లేదన్న నోటికి చివరికి ఏమీ మిగలదని గట్టిగా నమ్మేవాడు. నేను గల్లా పక్కన పెరిగినదాన్ని. ఆ మాట ఏనాడూ అనలేదు. అయినా నాకేమీ మిగల్లేదు. ఆయనతో ఈ విషయం తేల్చుకుందామంటే ఆయన కూడా లేడు.

కొట్టు అద్దెది, కొట్టు మీద నేనుండే గదీ అద్దెదే. భవనం పాతబడిందని పడగొట్టినప్పుడు రెండూ ఒకే మధ్యాహ్నం దుమ్మైపోయాయి. తమ్ముడు భార్యా కూతుళ్ళతో అత్తవారి ఊరికి పోయి అక్కడ వ్యాపారం పెట్టుకున్నాడు. నన్నూ రమ్మన్నాడు. కొనడని తెలిసిపోయిన మనిషిని గుమ్మం దాకా సాగనంపి ‘మళ్ళీ రండి’ అంటామే, అలా రమ్మన్నాడు. నేను ఇక్కడే ఉంటానన్నాను. ఆ మాటకు వాడి మొహంలో కనిపించిన నిశ్చింత నాకింకా గుర్తే.

పెళ్ళి చేసుకోకుండా అరవైకి చేరువైన ఆడదానికి గది ఇవ్వాలంటే ఇంటివాళ్ళు మొదట అడిగేది ఒక్కటే. ‘మీతోని ఎవరుంటరు?’ ఎవరూ లేరని ఎలా చెబుతాను? మేనల్లుడుంటాడని ఒకచోట చెప్పాను. అక్క కూతురుంటుందని ఇంకొకచోట చెప్పాను. వాళ్ళ ఆధార్ కార్డులు తెమ్మన్నారు. పుట్టని మేనల్లుడికి కార్డు ఎక్కణ్ణుంచి తేను? ఒక్క ఇల్లుగలావిడ మాత్రం ఏమీ అడగకుండా గది చూపించింది. అక్కడ అద్దె దగ్గర బేరానికి దిగాను. రెండు రోజులు బేరమాడి నేను చెప్పిన రేటుకే ఒప్పించాను. మూడో రోజు సామాను తీసుకుని వెళ్తే, అడిగినంత ఇస్తామన్న వాళ్ళు అప్పటికే పాలు పొంగిస్తున్నారు. అలా బేరం గెలిచి బన్సీలాల్‌పేట్ వైపున్న ఆడవాళ్ళ షెల్టర్‌కి చేరాను. ఒక ఇనపమంచం, మంచం కింద నా సంచి, దిండు కింద నా ఫోను.

ఇంత జరిగినా మార్కెట్ వ్యాపారుల వాట్సాప్ గ్రూపులోంచి మాత్రం బయటికి రాలేదు. రోజూ పొద్దున్నే అందులో ఒక గులాబీతో శుభోదయం పెట్టేదాన్ని. తార్నాకలో మా అక్క దగ్గరుంటున్నానని వాళ్ళతో చెప్పాను. తార్నాకలో నాకు అక్క కాదు కదా, తెలిసిన ఆటోవాడు కూడా లేడు. కానీ ఆ గులాబీ కింద పదిమంది చేతులు జోడించినంతసేపూ నేనింకా మార్కెట్ మనిషినే.

షెల్టర్‌లో ఫోన్లు ఎక్కువ, ప్లగ్గులు తక్కువ. ఫోను చార్జింగుకు పెట్టి పక్కకు పోయేవాళ్ళు ఎవరూ ఉండరు. నిద్రపోయే చంటిబిడ్డ పక్కన కూర్చున్నట్టు కూర్చుంటారు. అందులో అంతగా ఏముంటుందని బయటివాళ్ళకు అనిపిస్తుంది. అన్నీ అందులోనే ఉంటాయి. ఆధార్ ఫోటో, రేషన్ కార్డు ఫోటో, ఆస్పత్రి చీటీ, చనిపోయిన మనిషి గొంతు, కూతురి పెళ్ళి. బీరువా లేనివాళ్ళకు ఫోనే బీరువా. తాళం మాత్రం పేరుకే. అద్దం మీద ఎవరి వేలు ఎటు తిరుగుతుందో పక్క మంచాలవాళ్ళందరికీ కంఠతా వచ్చు.

నా పక్క మంచం అమ్మాయికి మాత్రం ఫోను లేదు. నిజామాబాద్ వైపు మనిషి. పాతికేళ్ళుంటాయేమో. మార్కెట్ వెనక సందులో ఒక చిన్న కొట్లో చీరలకు ఫాల్ వేసి, పికో చేసేది. రోజుకూలీ. నన్ను పెద్దమ్మా అని పిలిచేది. ఈ కాలంలో ఫోను లేని పిల్ల ఉంటుందా అని నాకు ఆరా.

“పోయిందా, అమ్ముకున్నావా?” అని అడిగాను.

“ఇంట్ల చార్జింగుకు పెట్టి వచ్చిన.”

“మర్చిపోయావా?”

“లే పెద్దమ్మా. పెట్టే వచ్చిన. నా ఫోన్ ఎక్కడుంటె అది మా ఆయన ఫోన్ల కనబడ్తది. నేను బస్సెక్కి ఊరు దాటేదాంక ఇంట్లనే ఉన్న అనుకోవాలె కదా.”

ఆ మాటకు మనసులోనే దండం పెట్టాను. పుట్టి బుద్ధెరిగాక ఇంత శుభ్రమైన బేరం నేను చూడలేదు. ఫోను ఇచ్చి ప్రాణం తెచ్చుకుంది. ఇదివరకు ఒకసారి పారిపోయి వస్తే వాళ్ళ ఊరి పెద్దమనుషులు నచ్చజెప్పి వెనక్కి పంపారట. ఆ వారంలోనే చెయ్యి విరిగింది. అది సరిగ్గా అతుక్కోలేదు. మిషను ముందు కూర్చున్నప్పుడు ఎడమ మోచేయి కొంచెం పక్కకు తిరిగి ఉండేది. “ఈసారి దొరికితే చెయ్యితోని పోదు” అని, సూదిలో దారం ఎక్కిస్తూ ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది.

అందుకే ఆ అమ్మాయి ఎక్కడ కెమెరా కనిపిస్తే అక్కణ్ణుంచి మాయమయ్యేది. సెలవు పూట చల్లగా ఉంటుంది, బన్సీలాల్‌పేట్ మెట్లబావి దగ్గర కూర్చుందాం రమ్మంటే రాలేదు. “అక్కడ అందరు ఫోటోలు దిగుతరు. ఎవరి ఫోటోల ఎనక పడ్తనో నాకేం ఎర్క?” అంది. షెల్టర్‌లో ఇంకో బాధ. సాయంత్రం అన్నాల వేళ, దాన్ని చూసుకునే మేడం రోజూ ఫోటో తీసేది. ఆ ఫోటో కింద తేదీ, టైము, వీధి పేరు, చిన్న మ్యాపు అన్నీ వాటంతటవే పడతాయి. దాతలకు రుజువు కావాలి కదా. ఆ దాతలు దాన్ని తమ స్టేటస్‌లో పెట్టుకుంటారు. సరిగ్గా ఆ సమయానికి ఈ పిల్లకు చేతులు కడుక్కోవలసిన పని పడేది. చేతులు ఎంతసేపని కడుగుతుంది? నేను మేడంతో బేరానికి దిగాను.

“మొహాలెందుకు మేడం? కంచాలు తియ్యండి. నిండు కంచం చూస్తే పెట్టినవాళ్ళ కడుపు నిండుతుంది.”

“మనుషులు కనబడాలంటరమ్మా పైవాళ్ళు. ఎంతమంది తిన్నరో లెక్క కావాలె.”

“వెనకనుంచి తీస్తే మాత్రం తలలు తగ్గుతాయా?”

ఆమె నవ్వింది. ఆ రోజునుంచి మా వీపులే ఫోటోకెక్కాయి. షెల్టర్‌లోని ఆడవాళ్ళంతా నన్ను మెచ్చుకున్నారు. నాకు మా కొట్టు మళ్ళీ తెరిచినంత గర్వమేసింది. నోరుంటే దేన్నుంచైనా బయటపడొచ్చన్న పాత భ్రమ అక్కడే మళ్ళీ చిగురించింది.

ఒక పొద్దున నా గులాబీకి వచ్చిన నమస్కారాలు చూసుకుంటూ ఉంటే, వాటి కింద ఆ అమ్మాయి ఫోటో పడింది. పెళ్ళిలో తీసిన ఫోటో. దాని కింద ఇలా ఉంది: ‘కనబడుట లేదు. ఈ ఫోటోలోని మహిళకు మతిస్థిమితం సరిగా లేదు. ఇంట్లో చెప్పకుండా వెళ్ళిపోయినది. ఆచూకీ తెలిసినవారు దయచేసి ఈ నంబరుకు ఫోన్ చేయగలరు. మీ రుణం తీర్చుకోలేను.’ మా పాత కొట్టుకు ఎదురుగా ఉండే గాజుల కొట్టాయన దాన్ని గ్రూపులో పెట్టాడు. ఆ గ్రూపుకు అడ్మిన్ కూడా ఆయనే. చాలా మంచివాడు. దారితప్పిన దూడనైనా ఇంటికి చేర్చందే అన్నం తినడు. కింద ఇంకో మాట రాశాడు: ‘ఈమెను మన మార్కెట్లనే చూసినట్టుంది. ఎక్కడనో యాదికొస్తలేదు.’

ఆయన రోజూ పికో కొట్టు ముందునుంచే టీకి పోతాడు. యాదికి రావడానికి ఎంతసేపు?

ఆ అమ్మాయి తల దువ్వుకుంటోంది. ఫోను తీసుకెళ్ళి ఆమె ముందు పెట్టాను. ఫోటో వైపు ఎక్కువసేపు చూడలేదు. రాత మాత్రం రెండుసార్లు చదివింది.

“మతి లేదని రాసిండా?” అంది. “ఇగ నేను ఏం చెప్పినా ఎవరు ఇనరు. పిచ్చిది ఏందో అంటుందని చెయ్యి పట్టి అప్పజెప్తరు” అంది.

“గాజులాయనకు నేను చెప్తాను. మంచివాడు, నా మాట వింటాడు.”

“మంచోడు కాబట్టే వద్దు. మంచోడు మా ఆయనతోని మాట్లాడ్తడు. మా ఆయనతోని మాట్లాడినోళ్ళు అందరు ఆయన దిక్కే అయితరు.” దువ్వెన పక్కన పెట్టింది. “పెద్దమ్మా, నువ్వేం చెయ్యకు. గ్రూపుల ఏం రాయకు, ఎవరికి ఫోన్ చెయ్యకు. ఊకో. నేను రొండు రోజులు పనికి పోను. వాళ్ళే మర్చిపోతరు.”

సరేనన్నాను. కానీ ఊరుకోవడమనే సరుకు మా కొట్లో ఎప్పుడూ లేదు. కొనేవాడు వచ్చి వస్తువు అడుగుతూ గడపలో నిలబడ్డాడు. మాట్లాడకపోతే లోపలికొచ్చి వెతుక్కుంటాడు. అందుకే చివరి సందుకు పంపించాలి. మా నాన్నయితే అదే చేసేవాడు. మధ్యాహ్నం నేను ఆ భర్తకు ఫోన్ చేశాను. అంత తెలివితక్కువగా ఏమీ చెయ్యలేదు. వెనకనుంచి బస్సుల చప్పుడు వినబడాలని ఎండలో జూబ్లీ బస్టాండ్ దాకా నడిచి మరీ చేశాను.

“నమస్తే, చెప్పున్రి” అన్నాడు. మెత్తటి గొంతు.

“బాబూ, గ్రూపులో ఫోటో చూశాను. ఆ అమ్మాయి ఇందాక జూబ్లీ బస్టాండ్‌లో కరీంనగర్ బస్సెక్కిందయ్యా.”

“ఔనా అమ్మా. దేవుని లెక్క ఫోన్ చేసిన్రు. ఒక్కతే ఉండెనా?”

“ఒక్కతే.”

“ఏం చీర కట్టుకుండె అమ్మా?”

చూడలేదు అంటే సరిపోయేది. కానీ రంగు అడిగితే రంగు చూపించకుండా ఉండటం నాకు చేతకాదు. “ఆకుపచ్చది. ఎర్రంచు” అన్నాను. ఊరికే ఉండలేక, “చేతిలో పెద్ద సంచీ ఉంది” అని కూడా కలిపాను. కొసరు.



“అమ్మా, దానికి ఆకుపచ్చ చీరలేదు. నేను కొనియ్యలే.” గొంతు ఏమాత్రం మారలేదు. “సంచి సుత పట్టుకపోలే. ఉత్త చేతులతోని పోయింది. మీరు మంచోళ్ళు అమ్మా. దానికి ఇంత అన్నం పెడ్తున్నట్టున్నరు. మీరెక్కడుంటరు?”

ఫోను పెట్టేశాను. జీవితంలో నేను బేరం మధ్యలో లేచి రావడం అదే మొదలు. సరుకు నా దగ్గరే ఉందని నా నోటితోనే వాడికి చెప్పేశాను. అయినా వాడికి నేనెవరో తెలియదు కదా అని ధైర్యం చెప్పుకుంటూ నడిచాను. అది కూడా తప్పే. నంబరును బట్టి పేరు చూపించే యాప్ ఒకటుంది. జనం తమ ఫోన్లలో మనల్ని ఏ పేరుతో దాచుకుంటారో ఆ పేరే ముక్కూ మొహం తెలియనివాళ్ళకు కూడా చూపిస్తుంది. మార్కెట్ అంతా నన్ను దాచుకున్న పేరు ‘స్టీల్ అక్క మోండా’. కొట్టు పడిపోయినా బోర్డు నా మెడలోనే వేలాడుతోంది. అది నాకొక్కదానికే కనబడటం లేదు.

షెల్టర్‌కి చేరేసరికి గ్రూపులో గాజులాయన గొంతు వాయిస్ మెసేజై వచ్చి కూర్చుంది. “అక్కా, నువ్వు ఆ పిల్లను చూసినవంట కదా. పొద్దుగాల నేను ఆ నంబరుకు చేస్తి, ఇప్పుడు ఆయనే నాకు ఫోన్ చేసిండు. పాపం చాన పరేషాన్‌ల ఉన్నడు, ఏడ్చుడొక్కటే తక్కువ. నేనే ఆయన్ని గ్రూపుల యాడ్ చేసిన. జెర మాట్లాడు.”

గ్రూపులోకి వచ్చీ రాగానే ఆ మనిషి చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. ‘ఆ పెద్దమ్మ ఎక్కడుంటరో చెప్తే వాళ్ళ కాళ్ళు మొక్కుతా’ అని రాశాడు. ఇక చూడాలి మా మార్కెట్ మంచితనం. తార్నాకలో అక్క ఉందని ఒకరు. తమ్ముడు ఏ ఊళ్ళో ఉన్నాడో ఇంకొకరు. ఎవరి కూతురి పెళ్ళిలోనో నేను లడ్డూ తింటున్న ఫోటో మరొకరు. ఆమెకు మోకాళ్ళ నొప్పులు, ఎక్కువ దూరం పోలేని మనిషి అని ఒక మహానుభావుడు. నా శత్రువులు ఒక్కరూ ఒక్క ముక్క చెప్పలేదు. నేనంటే ప్రేమ ఉన్నవాళ్ళే చెప్పారు. అందరూ కలిసి నన్ను పళ్ళెంలో పెట్టి అందించారు. ఎదురు చెప్పడానికి లేదు, చెబితే ఎందుకని అడుగుతారు. గ్రూపులోంచి పోవడానికి లేదు, పోతే అడ్మిన్‌కు తెలిసిపోతుంది.

ఇంతలో ఆ భర్త నాకు విడిగా ఒక మెసేజ్ పంపాడు. ‘అమ్మా, మీరు నాకు తల్లి లెక్క.’ తెరిచి చదివాను. అటు ఆయన ఫోనులో దాని పక్కన గీతలు నీలంగా మారి ఉంటాయి.

ఆ సాయంత్రం ఆ అమ్మాయికి అంతా చెప్పాను. ఆమె అరవలేదు. అరిస్తే బాగుండేది.

“నిన్నెవరు చెయ్యమన్నరు పెద్దమ్మా?”

“వాణ్ణి కరీంనగర్ పంపిద్దామని...”

“ఆయన పోయేటోడా? నీ నోరు కొట్టు షట్టర్ లెక్క ఉన్నది. తెర్సుడే ఎర్క, మూసుడు ఎర్క లేదు.” నా ఫోను తీసుకుని చూసింది. “చదివినవా ఇది? చదివినట్టు ఆయనకు తెల్సింది ఇప్పుడు.”

నా ఫోటో తీసేసింది. ఎప్పుడు ఫోను చూశానో కనబడకుండా ఏదో నొక్కింది. లొకేషన్ ఆపేసింది. అంతా చేశాక ఫోనును మంచం మీద పెట్టి దానివైపే చూస్తూ, “ఇది పారేస్తే మంచిగుండు” అంది.

“పారేస్తే నాకు ఒంటరి మహిళల పింఛను రాదే పిల్లా. బ్యాంకువాళ్ళు ఏ పనికైనా ఈ నంబరుకే అంకెలు పంపుతారు. ఆధార్‌కు కూడా ఇదే నంబరు.”

 ఇంట్లో ఫోను వదిలేసి ఆమె బయటపడింది. నేను వదిలితే నా అన్నం పోతుంది. పట్టుకుని కూర్చుంటే ఆమె దొరికిపోతుంది. ఇద్దరం చెరో మంచం మీద కూర్చుని మధ్యలో ఉన్న ఆ నల్లటి ముక్కను చూస్తూ ఉండిపోయాం. అన్నాలకు రమ్మని మేడం పిలిచింది. వెళ్ళి గోడ వైపు తిరిగి తిన్నాం.

మర్నాడు పొద్దున గాజులాయన మళ్ళీ గొంతు పెట్టాడు. “అక్కా, ఆయన పొద్దుగాల బస్సుకు వస్తుండు. తార్నాక అడ్రస్ పెట్టు. నేనే నా బండి మీద తీస్కొస్త. మీ అక్కను సుత చూసినట్టుంటది.”

ఇక నా దగ్గర అమ్మడానికి ఒక్కటే మిగిలింది. నా మాట. మార్కెట్‌లో స్టీల్ అక్క చెప్పిందంటే తూకం వెయ్యక్కర్లేదని ఒక పేరుండేది. దాన్ని పనికిరాకుండా చేస్తే తప్ప, నేను చూశానన్న మాట విలువ పోదు. గ్రూపులో గొంతు పెట్టడానికి బటన్ నొక్కి పట్టుకున్నాను.

“తమ్ముడూ, నాకు తార్నాకలో అక్క లేదు. ఇల్లు కూడా లేదు. రోడ్ల మీద తిరుగుతున్నాను. ఆ అమ్మాయిని నేను చూడలేదు. ఈమధ్య నాకు ఎవరెవరో కనబడుతున్నారు. మొన్న మా నాన్న కూడా కనబడి పాలక్యాన్ల లెక్క అడిగాడు. నా మాట పట్టుకుని ఎవరూ తిరగకండి.”

అందులో సగం నిజం. ఏ సగమో చెప్పేటప్పుడు నాకే తెలియలేదు. ఇల్లు లేదన్నచోట గొంతు వణికింది. అది నటన కాదు. బేరంలో అదే బాగా పనికొచ్చింది.

 తర్వాత గాజులాయన, “అక్కా, ఏం మాట్లాడ్తున్నవ్. లొకేషన్ పెట్టు, మేం వచ్చి తీస్కపోతం” అన్నాడు. ఆ వెంటనే ఆ మనిషికి అందరి ముందే చెప్పాడు: “అన్నా, ఏమనుకోకున్రి. ఆమె దిమాక్ జెర ఖరాబైనట్టుంది. మాకు సుత తెల్వది.” ఏ మాట కోసం నేను నా పరువంతా ధారపోశానో ఆ మాట వచ్చింది.

అప్పుడు ఆ మనిషి రాశాడు: ‘పర్వాలేదు అన్నా. బస్సెక్కిన. ఎట్లయిన ఒకసారి మార్కెట్ చూసి పోత.’

ఆ అమ్మాయికి చూపించాను. చదివి, లేచి, మంచం మీద దుప్పటి మడత పెట్టింది. రెండు జాకెట్లు, ఒక చీర, దువ్వెన, కత్తెర. అవి ఒక క్యారీబ్యాగ్‌లో పట్టాయి. పికో కొట్లో ఆ వారం కూలీ రావాలి. దాన్ని వదిలేసింది.

ఎక్కడికి అని అడగబోయాను. ఆమె నా మొహం చూసి ఆ ప్రశ్న పసిగట్టింది.

“నీకు చెప్పను పెద్దమ్మా. తెల్వకుంటెనే మంచిది. ఎవరన్న అడిగితే నీకు చెప్పబుద్ధయితది.” కొంచెం నవ్వింది కూడా. “ఫోన్ సుత చెయ్య. చేస్తే నా నంబరు నీ ఫోన్ల పడ్తది. ఏదన్న కొత్త నంబరు వస్తే నువ్వు ఎత్తకు. నేననుకొని ఎత్తకు.”

“బాగున్నావో లేదో నాకెలా తెలుస్తుంది?”

“తెల్వది” అంది. మేడం దగ్గర సంతకం పెట్టి వెళ్ళిపోయింది. గేటు దాటి ఎటు తిరుగుతుందో కనబడుతుందని నేను కిటికీ దగ్గరకు పోలేదు. ఈ ఒక్కసారి నోరు, కళ్ళు రెండూ మూసుకున్నాను.

ఆ భర్త వచ్చాడు. వచ్చాడని నాకు గ్రూపులోనే తెలిసింది. గాజులాయనతో టీ తాగుతున్న ఫోటో పెట్టారు. సన్నగా, తెల్ల చొక్కాలో, బడి పంతుల్లా ఉన్నాడు. ‘చాన మంచోడు’ అని కింద రాశారు. పికో కొట్టు ఆయన చూశాడో లేదో, ఎవరికైనా యాదికొచ్చిందో లేదో ఎవరూ రాయలేదు. నేను అడగలేను. అప్పటినుంచి ఆయన గ్రూపులోనే ఉన్నాడు. రోజూ పొద్దున్నే శుభోదయం పెడతాడు. నా గులాబీకి చేతులు జోడించినవాళ్ళే ఆయన పువ్వుకూ జోడిస్తారు.

నన్ను కూడా మార్కెట్ వదల్లేదు. ఆ లడ్డూ ఫోటోలోంచి నా మొహం కత్తిరించి ఒక ప్రకటన తయారుచేశారు. ‘మా స్టీల్ అక్క, మతి సరిగా లేదు, రోడ్ల మీద తిరుగుతోంది, ఎవరికైనా కనబడితే మాకు తెలపండి.’ ఎన్ని గ్రూపులు తిరిగిందో, మా షెల్టర్‌లో ఒకావిడ ఫోనుకు కూడా వచ్చింది. “ఇది నువ్వేనా?” అంది. నాకంటే లావుగా ఉంది కదా అన్నాను. బన్సీలాల్‌పేట్ దాటి పోవడం మానేశాను. తోపుడుబండి మీద కూరలు కొనాలన్నా బేరం ఆడను. నా గొంతు మార్కెట్‌లో సగం మందికి తెలుసు. చెప్పిన రేటు ఇచ్చి, తల దించుకుని వచ్చేస్తాను. బండివాడు నన్ను చాలా గౌరవంగా చూస్తున్నాడు.

కొత్త నంబర్ల నుంచి ఫోన్లు వస్తూనే ఉంటాయి. ఒకసారి పొరపాటున ఎత్తాను. హలో అన్నాను. తర్వాత ఆ మెత్తటి గొంతు, “గొంతు మంచిగనే ఉన్నది కదమ్మా. దిమాక్ సుత మంచిగనే ఉంటది” అంది. ఆ తర్వాత మళ్ళీ ఎత్తలేదు. కానీ వచ్చే ప్రతి నంబరూ ఆయనదే అయ్యుండదు. బ్యాంకుదై ఉండొచ్చు. అప్పులిస్తామనేవాళ్ళదై ఉండొచ్చు. ఎక్కడో ఏ కొట్లోనో పరాయివాళ్ళ ఫోను అడిగి తీసుకుని, చెయ్యనన్న మాట తప్పి, ఒక్కసారి ‘పెద్దమ్మా, బతికే ఉన్న’ అందామనుకున్న మనిషిదై కూడా ఉండొచ్చు. ఎత్తితే తప్ప తెలియదు. ఎత్తకూడదు.

ఈ మధ్యాహ్నం బట్టలు ఆరేస్తుంటే మోగింది. తెలియని అంకెలు. ఆగిపోయింది. వెంటనే మళ్ళీ మోగింది. తడి చేతులు చీరకు తుడుచుకుని ఫోను మంచం మీద బోర్లా పెట్టాను. దాని మీద దిండు వేశాను. మోగినంతసేపు దిండు కింద వణుకుతూ ఉంది. ఆగేదాకా దాని పక్కనే కూర్చున్నాను.